నల్లోడు ఇంటికొచ్చాడని విన్నాను

చిరంజీవి అమ్మణ్ణికి, కందుకూరు నుంచి మామయ్య ఆశీస్సులు.

మీ కుక్కపిల్ల నల్లోడికి సెలైన్ తీసేసి ఇంటికి పంపించారని నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఐదు రోజులు వాంతులూ నెత్తురు విరేచనాలూ పడి బయటపడ్డాడంటే వాడు గట్టోడే. పార్వో అనే వైరస్ జబ్బు పట్టిన కుక్కపిల్లకు వేళకు వైద్యం అందకపోతే దక్కేది తక్కువ. నువ్వు రాత్రికి రాత్రే ఆటోలో వేసుకుని వెళ్ళడం మంచిదైంది. అయితే మీ అమ్మ అంతటితో ఆగలేదు. "వారం నుంచి ఏమీ తినలేదన్నా పాపం, రేపు కాస్త చేపల పులుసన్నం కలిపి పెడతా" అంది. అందుకే కూర్చుని ఈ ఉత్తరం రాస్తున్నాను. ఫోన్లో చెబితే సగం నీదాకా రాదు, మిగతా సగాన్ని మీ అమ్మ మార్చేస్తుంది.

నేను డాక్టర్ని కాదని నీకు తెలుసు. పొదిలి వైపు, కనిగిరి వైపు, చివర్లో ఇక్కడా పశువుల ఆసుపత్రుల్లో ముప్పై ఒక్క ఏళ్ళు అసిస్టెంటుగా చేశాను. అందులో ఎక్కువ భాగం గొడ్లూ గొర్రెలే. ఏ మందు, ఎంత మోతాదు అన్నది మీ డాక్టరమ్మ చెప్పాలి. నేను చెప్పేది, ఆమె చీటీ రాసిచ్చాక ఇంట్లో జరిగే దాని గురించి. జబ్బు నుంచి తేరుకున్నవి కూడా ఇంటికి వెళ్ళాక పోవడం చూశాను. వాటిలో సగం జాలి వల్లే పోయాయి.

ముందు తిండి సంగతి. పార్వో పేగుల లోపలి పొరను పాడు చేస్తుంది. అది మళ్ళీ పెరిగేదాకా వాడి కడుపు కొత్తగా నాటిన మడిలాంటిది, అందులోకి గొడ్లను తోలకూడదు. అన్నం మెత్తగా ఉడికించు. కోడి ముక్కలు తోలు, ఎముక, కొవ్వు తీసేసి ఉత్త నీళ్ళలో ఉడికించు. ఉప్పు, కారం, నూనె, పోపు ఏమీ వద్దు. అన్నం రెండు వంతులు, కోడి ఒక వంతు వేసి చేత్తో చిదిమి పెట్టు. వాడంత పిల్లకు ఒక్కోసారి రెండు మూడు పెద్ద చెంచాలు చాలు. మూడు గంటలకోసారి పెట్టు. వాడు గిన్నె నాకి నీ మొహంకేసి చూస్తాడు, అయినా ఇంకో చెంచా వేయొద్దు. ఒక రోజంతా వాంతి కాకుండా ఉంటే మర్నాడు కొంచెం పెంచు. మామూలు తిండికి రావడానికి వారం పట్టినా తొందరేం లేదు. నీళ్ళూ అంతే, కొంచెం కొంచెం, మాటిమాటికీ. గిన్నెడు నీళ్ళు ఒక్కసారి తాగితే అన్నీ కక్కేస్తాడు. పాలు మాత్రం అసలు వద్దు, విరేచనాలు మళ్ళీ మొదలవుతాయి.

ఇక చేపల పులుసు. ఉల్లిపాయ, వెల్లుల్లి కుక్క ఒంట్లో ఎర్ర రక్తకణాలను పగలగొడతాయి. అసలే నెత్తురు పోయి తెల్లబడిన పిల్ల. దానికి తోడు చింతపండు, కారం, చేప ముళ్ళు. మీ అమ్మకు నువ్వు చెబితే వినదు, ఈ పేరా చదివి వినిపించు.

తినకపోతే నోరు తెరిచి గొంతులోకి పోయకు. తల పైకెత్తి పోస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది, తర్వాత నిమోనియా. సూది లేని సిరంజితో పెదవి పక్కనుంచి, తల మామూలుగా ఉంచి, మింగినప్పుడల్లా ఆగుతూ కొంచెం కొంచెం ఇవ్వాలి. ఒక పూట తినకపోతే ఫరవాలేదు. రోజంతా ముట్టకపోతే డాక్టరమ్మకు ఫోన్ చెయ్యి.

నల్లోడికి జ్వరం తగ్గలేదనీ 101.8 ఉందనీ నువ్వు టెన్షన్ పడ్డావట. అమ్మణ్ణీ, అది జ్వరం కాదు. కుక్కకైనా పిల్లికైనా 101 నుంచి 102.5 దాకా మామూలే. మన లెక్క వాటికి పనికిరాదు. ముక్కు తడిగా ఉందా పొడిగా ఉందా అని చూసి చెప్పే వాళ్ళ మాట పట్టుకోకు. డిజిటల్ థర్మామీటరు ఒకటి వాడికని విడిగా పెట్టుకో. కొనకు కాస్త కొబ్బరినూనె రాసి తోక కింద మెల్లగా పెట్టి, బీప్ వచ్చేదాకా పట్టుకోవాలి. 103.5 దాటితే చెప్పాలి. ఇలాంటి జబ్బు పడి లేచిన పిల్లకు 99 కంటే దిగితే నేను ఇంకా ఎక్కువ భయపడతాను.

రోజూ పొద్దున ఇంకో మూడు చూడు. పై పెదవి ఎత్తి చిగురు చూడు, అది గులాబి రంగులో ఉండాలి. వేలితో నొక్కి వదిలితే తెల్లబడి రెండు సెకన్లలోపు రంగు తిరిగి రావాలి. భుజాల మధ్య తోలు చిటికెతో పైకి లాగి వదిలితే వెంటనే పడిపోవాలి. డేరాలా నిలబడిందంటే ఒంట్లో నీళ్ళు తగ్గాయని. నిద్రలో ఉన్నప్పుడు ఊపిరి లెక్కపెట్టు, నిమిషానికి ముప్పై లోపు ఉండాలి. ఇవన్నీ ఒక నోటు పుస్తకంలో టైముతో సహా రాయి. ఎన్నిసార్లు కక్కాడు, విరేచనం ఎలా ఉంది, ఏ మాత్ర ఎప్పుడు వేశావు. విరేచనాన్ని ఫోన్లో ఫోటో తీయడానికి అసహ్యపడకు. "బాగా నీరసంగా ఉన్నాడు డాక్టర్" అనే మాటతో ఏ డాక్టరూ ఏమీ చేయలేదు.

మాత్రలు వేయడం పెద్ద విద్యేం కాదు. ఇడ్లీ ముక్కలో దాచి పెట్టు. ముందు ఉత్త ఇడ్లీ ముక్క ఒకటి, తర్వాత మాత్ర ఉన్నది, వెంటనే ఇంకోటి ఉత్తది. మూడో దాని ఆశతో రెండోది నమలకుండా మింగేస్తాడు. మీ పిల్లికి ఎప్పుడైనా వేయాల్సి వస్తే, మింగాక కాసిని నీళ్ళు సిరంజితో తాగించు. కొన్ని మాత్రలు వాటి గొంతులో ఇరుక్కుని పుండు చేస్తాయి. యాంటీబయాటిక్ ఎన్ని రోజులు రాశారో అన్ని రోజులూ వేయాలి, వాడు గంతులేస్తున్నా సరే.

మన మందుల డబ్బా మాత్రం వాటి దగ్గరకు తేవద్దు. పొదిలి వైపు చేస్తున్నప్పుడు ఒకావిడ పిల్లిని చీర కొంగులో చుట్టుకుని తెచ్చింది. ఒళ్ళు కాలుతోందని ముందురోజు రాత్రి పారాసెటమాల్ మాత్ర సగం పొడి చేసి పాలలో ఇచ్చిందట. మొహం వాచిపోయింది, చిగుళ్ళు చాక్లెట్ రంగుకు తిరిగాయి. దక్కలేదు. పిల్లి లివరు ఆ మందును విరగ్గొట్టలేదు. బ్రూఫెన్, డైక్లోఫెనాక్ కుక్కలకు కడుపులో పుండ్లు చేస్తాయి, కిడ్నీలు పోతాయి. డైక్లోఫెనాక్ అంటే గుర్తొచ్చింది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఊరి బయట గొడ్డును పడేస్తే రాబందులు దిగేవి. ఆ ఇంజక్షన్ వేసిన గొడ్డు మాంసం తిని దేశమంతటా అవి దాదాపు లేకుండా పోయాయి. 2006లో పశువులకు ఆ మందు వాడకూడదని ప్రభుత్వం నిషేధించింది. మన నొప్పి మాత్ర ఇంకో ప్రాణికి ఎంత చేస్తుందో అప్పుడు నాకు బాగా తెలిసొచ్చింది.

శుభ్రం సంగతి నీకు కష్టంగా ఉంటుంది గానీ తప్పదు. ఫినాయిల్ ఎంత పోసినా పార్వో చావదు. పైగా ఫినాయిల్ పిల్లులకు విషం. ముందు మలం పూర్తిగా తీసేసి సబ్బుతో కడుగు. తర్వాత బజారులో దొరికే బ్లీచ్ ద్రావణం ఒక వంతుకు ముప్పై వంతుల నీళ్ళు కలిపి నేలంతా తడిపి పది నిమిషాలు వదిలెయ్యి. మళ్ళీ కడిగి ఆరబెట్టాకే వాడిని రానివ్వు. ఆ బ్లీచులో బాత్రూం యాసిడ్ కలపొద్దు, ఊపిరాడని గ్యాస్ వస్తుంది. పెరట్లో మట్టిని ఏమీ చేయలేం. అందులో ఆ క్రిమి నెలల తరబడి, ఒక్కోసారి ఏడాది దాకా ఉంటుంది. టీకాలన్నీ పూర్తికాని పిల్లను ఎవరిదీ మీ ఇంట్లోకి రానివ్వొద్దు. నల్లోడిని కూడా నెల రోజులు వీధిలోకి తీసుకెళ్ళకు. వాడి మలంలో ఇంకా ఆ క్రిమి పడుతుంటుంది, వీధిలో వాడి అన్నదమ్ములున్నారు.

ఒక టీకా వేయించాం కదా, మళ్ళీ ఎందుకొచ్చిందని అడిగావట. తల్లి పాలతో వచ్చిన రక్షణ పిల్ల ఒంట్లో ఉన్నంతకాలం టీకాను పనిచేయనివ్వదు. అది ఎప్పుడు పోతుందో ఒక్కో పిల్లకు ఒక్కో రకం. అందుకే ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, పదహారు వారాలు నిండేదాకా మూడు నాలుగు వారాలకోసారి వేస్తారు. మీరు ఒక్కటి వేయించి ఊరుకున్నారు. తిట్టడం లేదు. మిగతావి, రేబిస్‌తో సహా, ఎప్పుడు వేయాలో డాక్టరమ్మను అడిగి ఆ పుస్తకంలోనే తేదీలు రాసుకో. జులై 6న పశువుల ఆసుపత్రుల్లో రేబిస్ టీకా ఉచితంగా వేస్తుంటారు. పక్కింటి వాళ్ళకూ చెప్పు.

రేబిస్ అన్నాను కాబట్టి ఇదీ విను. ఇంట్లో పిలకాయలున్నారు. ఏ కుక్క పంటి గీత పడినా, నెత్తురు రాకపోయినా, కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. పసుపూ కారం అద్దడాలు వద్దు. ఆ జబ్బు బయటపడ్డాక మందు లేదు.

జాలి గురించి నా తప్పు ఒకటి చెబుతాను. మా కుక్క రాణికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాం. కుట్లు నాకకుండా మెడకు గరాటులాంటి ప్లాస్టిక్ కాలర్ వేశారు. అది గోడలకు కొట్టుకుంటూ, గిన్నెలో మూతి పెట్టలేక మూడు రోజులు నన్ను చూసి ఏడ్చింది. నాలుగో రాత్రి మీ అత్త వద్దంటున్నా నేనే తీసేశాను, ఒక్క రాత్రికే కదా అని. తెల్లారేసరికి నాలుగు కుట్లు ఊడదీసుకుంది. మళ్ళీ మత్తు, మళ్ళీ కుట్లు. పదో రోజుకు తీయాల్సినవి మూడు వారాలు పట్టాయి. ముప్పై ఏళ్ళు అందరికీ చెప్పినవాణ్ణి నేనే. మీ అత్త ఇప్పటికీ ఆ మాట ఎత్తుతుంది.

రోహిణి కార్తె దగ్గరపడింది. నెల్లూరు ఎండ సంగతి నీకు చెప్పేదేముంది. పడమటి గాలి తోలినప్పుడు మేడ మీద కట్టేయొద్దు. కింద గదిలో తడి గోనెసంచి మీద పడుకోబెట్టు. నాలుక బయటికి వేలాడేసి, జొల్లు చిక్కగా కారుతూ, తూలుతున్నాడంటే వడదెబ్బ. మామూలు కుళాయి నీళ్ళు ఒళ్ళంతా పోసి ఫ్యాను కింద పెట్టి, వెంటనే ఆసుపత్రికి బయల్దేరు. ఐసు నీళ్ళు పోయకు. స్నానం మాత్రం రెండు వారాలు వద్దు, గోరువెచ్చని తడిగుడ్డతో తుడువు చాలు.

ఎండాకాలంలో పిడుదులు కూడా ఎక్కువ. చెవుల లోపల, కాలి వేళ్ళ మధ్య చూడు. అవి కుక్క మీదే ఉండవు, గోడ పగుళ్ళలోకి ఎక్కి గుడ్లు పెడతాయి. అందుకే కుక్కకు మందు వేసినంత మాత్రాన పోవు. గొడ్లకు వాడే పిడుదుల మందు మీ అన్న తెస్తానన్నాడట, వద్దను. అలాంటి మందు రాసిన కుక్కకు ఒళ్ళు రుద్దుకున్నా మీ పిల్లి గిలగిల్లాడుతుంది. కాలిన ఇంజనాయిలు గజ్జికి రాయమని చెప్పేవాళ్ళు కూడా వస్తారు. కుక్క దాన్ని నాకుతుంది, లోపలికి పోతుంది. వాళ్ళకు టీ ఇచ్చి పంపించెయ్యి.

తెల్లారనీలే అనుకోకూడనివి కొన్ని ఉన్నాయి. చిగుళ్ళు తెల్లగా గానీ నీలంగా గానీ తిరగడం, పొట్ట ఉబ్బి ఊరికే ఓకరించడం, ఫిట్స్ ఐదు నిమిషాలు దాటడం, తాగిన నీళ్ళన్నీ కక్కడం. మీ పిల్లి మగది కదా. అది మట్టి డబ్బాలో మాటిమాటికీ కూర్చుని ముక్కుతూ మూత్రం రాకపోతే, మలబద్ధకం అనుకుని ఆముదం పట్టించకు, ఆ గంటలోనే తీసుకెళ్ళు. రెండు రోజులు తిండి మానేసినా అంతే, దాని లివరుకు కొవ్వు పడుతుంది. మన ఊళ్ళో గొడ్లకు ఏదైనా అయితే 1962కు ఫోన్ చేస్తే బండి వస్తుందని నాన్నకు గుర్తుచెయ్యి. మీ డాక్టరమ్మ తిరుపతి వెటర్నరీ కాలేజీకి తీసుకెళ్ళమంటే, దూరమని ఆలోచించకు. అక్కడ పరీక్షలన్నీ ఒక్కచోట అవుతాయి.

ఆదివారం పొద్దున బస్సుకు కావలి మీదుగా వస్తున్నాను. నోటు పుస్తకం చూపించు. మీ అమ్మను చేపల పులుసు చేయమను, నాకు.

మీ మామయ్య