మూడు లక్షలు పెడితే సొంత బాణీ వస్తుందా?

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. తిరుపతిలోనే సంగీతంలో డిప్లొమా చేశాను. పెళ్లి కచేరీలు, ట్యూషన్లు కలిపి సగటున నెలకు 40 వేలు వస్తాయి. అందులో ట్యూషన్లవి 15 వేలు. వారంలో ఐదు సాయంత్రాలూ వాటికే పోతాయి. ఇంటి ఖర్చు 28 వేలు. అన్నమయ్య సంకీర్తన ఏది పాడినా ‘అచ్చం గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ గారిలా పాడావు’ అంటారు. సంతోషమే, కానీ నాదంటూ ఒక ముద్ర లేదు. నవంబరులో 4 లక్షల ఎఫ్‌డీ మెచ్యూర్ అవుతుంది. 3 లక్షలు పెట్టి హైదరాబాద్‌లో ఆల్బమ్ చేయించొచ్చా సార్?

జవాబు: ఇప్పుడే వద్దు. ఆ ఆల్బమ్‌లో ఏం పాడతారో మీరు రాయలేదు. అందరికీ తెలిసిన బాణీలే పాడితే మూడు లక్షలు పెట్టి అదే మాట మళ్లీ అనిపించుకుంటారు. పైగా హక్కుల తలనొప్పి ఒకటి. సాహిత్యం అన్నమయ్యది, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. బాణీ అలా కాదు. కాపీరైట్ స్వరకర్త పోయాక కూడా 60 ఏళ్లు ఉంటుంది.

మీకు దారి కూడా అక్కడే ఉంది. అన్నమయ్య 32 వేల సంకీర్తనలు రాశాడని ప్రతీతి, దొరికినవి పన్నెండు వేల పైచిలుకు. రాగిరేకుల మీద రాగం పేరుంది, స్వరాలు లేవు. ఈనాడు మనం వింటున్నవి చాలామటుకు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ మొదలు నిన్నమొన్నటి విద్వాంసుల దాకా కట్టిన బాణీలే. గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ ఒక్కరే 600కు పైగా కట్టారు. టీటీడీ కొలువులో నెలనెలా జీతం అందుకుంటూ ఆ పని చేశారన్నది నాలాంటి లెక్కలవాడికి ముందు కనిపించే సంగతి.

మీకు ఆ జీతం లేదు. అందుకే ఎఫ్‌డీ సొమ్ముతో తీరిక కొనుక్కోండి. రెండు సాయంత్రాల ట్యూషన్లు మానేస్తే నెలకు 6 వేలు, ఏడాదికి 72 వేలు తగ్గుతుంది. ఆ లోటు ఎఫ్‌డీలోంచి పూడ్చుకోండి. ఆ రెండు సాయంత్రాలూ ఎవరూ పాడని సంకీర్తనకు బాణీ కట్టడానికే. ఫోన్‌లో పాత రికార్డింగులు వింటూ కూర్చుంటే మాత్రం డబ్బు దండగ.

ఆరు నెలల ఇంటి ఖర్చు, అంటే 1,68,000 రూపాయలు, ముట్టుకోకూడదు. ఆషాఢం, మూఢం వస్తే పెళ్లిళ్లు ఉండవు, మిగిలిన ట్యూషన్ల 9 వేలే దిక్కు. పంచాంగం కొనగానే ముహూర్తాలు లేని నెలలు గుర్తు పెట్టుకుంటే టెన్షన్ తగ్గుతుంది. ఇంట్లో పాడి చూసుకోవడానికి మైకు, దాన్ని కంప్యూటర్‌కు కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్‌లకు 40 వేలు చాలు. మిగతా 1,20,000 మళ్లీ ఎఫ్‌డీ వేయండి, కానీ మూడు ముక్కలుగా. మధ్యలో అవసరమైతే ఒక్కదాన్నే రద్దు చేసుకోవచ్చు, వడ్డీ కోత దానికే పడుతుంది.

కట్టిన బాణీని పెళ్లిలో పాడకండి, భోజనాల హడావుడిలో ఎవరూ వినరు. గుళ్లలో పాడండి. భాద్రపదంలో పెళ్లిళ్లు లేకపోయినా కాణిపాకంలో చవితి నుంచి 21 రోజులు బ్రహ్మోత్సవాలే. తెలిసిన రెండు కీర్తనల మధ్య మీది ఒకటి పెట్టండి. ‘ఇది ఎవరి బాణీ?’ అని ఎవరైనా అడిగితే ఆ పాట నిలిచినట్టే.

అలాంటివి మూడు తయారయ్యాక ఆ లక్షా ఇరవై వేలలోంచి ఒక్కో పాటే రికార్డు చేయించండి. స్టూడియోకి అడ్వాన్స్ ఇచ్చే ముందే, మాస్టర్ రికార్డింగ్ (పాట అసలు ప్రతి) హక్కులు మీ పేరున ఉంటాయని కాగితం మీద రాయించుకోండి.