మాల వేసుకున్నాక మాత్రలు మానేశారు

ప్రశ్న: మావారికి 54 ఏళ్లు. పదకొండేళ్లుగా షుగర్ ఉంది. ఏటా అయ్యప్ప మాల వేస్తారు. ఆ 41 రోజులూ తాగరు, సిగరెట్ ముట్టరు. ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది. ఈసారి మాల వేసుకున్న రోజు నుంచే షుగర్ మాత్రలూ మానేశారు. 'అన్నీ స్వామే చూసుకుంటాడు' అంటున్నారు. రెండేళ్ల కిందట మా బావగారు షుగర్‌తోనే కాలు తీసేయించుకుని, ఆ తర్వాత కొన్నాళ్లకే పోయారు. ఆ మాటెత్తితే 'అన్నయ్య మందులన్నీ మింగాడుగా, ఏమైంది?' అని విసుక్కుంటారు. మొన్న పూజగది గడప దగ్గర రక్తపు చుక్కలు చూశాను. అరికాల్లో గాజుపెంకు దిగిన సంగతి ఆయనకే తెలియలేదు. గట్టిగా అడిగితే దేవుడికి అడ్డుపడినట్టవుతుందేమోనని భయంగా ఉంది.

జవాబు: అమ్మా, ముందు ఆ కాలి సంగతి చూడండి. గాజుపెంకు దిగినా నొప్పి తెలియలేదంటే, ఏళ్ల తరబడి ఉన్న షుగర్ వల్ల పాదాల నరాలు దెబ్బతిని ఉండొచ్చు. ఇవాళే డాక్టరుకు చూపించండి. ఎరుపు, వాపు, వేడి, చీము, వీటిలో ఏది కనిపించినా రేపటిదాకా ఆగకండి.

ఇక మీ ఉత్తరంలో నన్ను పట్టి ఆపింది బావగారి గురించి ఆయన అన్న మాట. నాకు అందులో భక్తికన్నా భయం ఎక్కువ వినిపించింది. అన్నగారు మాత్రలు వేసుకుంటూనే కాలు పోగొట్టుకున్నారు. తనకూ అదే రాసిపెట్టి ఉందని ఈయన లోలోపల అనుకుంటున్నట్టున్నారు. రోజూ ఆ మాత్ర చూసినప్పుడల్లా అన్నయ్యే గుర్తొస్తుంటే పక్కన పెట్టేయక ఏం చేస్తారు? కాబట్టి మీరు అడ్డుపడాల్సింది అయ్యప్పకు కాదు. ఆ భయాన్ని మాత్రం ఆయన ఒంటరిగా మోయకుండా చూడాలి. 'బావగారు గుర్తొస్తున్నారా స్వామీ?' అని ఒక్కసారి అడిగి చూడండి. ఆ తర్వాత ఆయన ఎంతసేపు మాట్లాడినా మధ్యలో మాత్రల ఊసు తేకండి.

దీక్ష ఆయనకు మేలు చేస్తోంది, అందులో నాకు అనుమానం లేదు. తాగుడు, పొగ మానడమే ఒంటికి ఎంతో మంచిది. (రోజూ తాగే అలవాటున్నవారు ఒక్కసారిగా మానితే మొదటి రోజుల్లో చేతులు వణకడం, నిద్రపట్టకపోవడం ఉంటాయి. అలా ఉంటే డాక్టరుకు చెప్పి తీరాలి.) వేళకు లేవడం, పదిమంది స్వాములతో భజన, 'స్వామీ' అని అందరూ ఇచ్చే మర్యాద, ఇవన్నీ మనిషిని నిలబెడతాయి. 2001లో ఇటలీ పరిశోధకులు 23 మందితో క్రైస్తవ జపమాల ప్రార్థన, ఒక బౌద్ధ మంత్రం చదివించి చూశారు. రెండింటికీ ఊపిరి నిమిషానికి ఆరుసార్లకు నెమ్మదించింది, గుండె లయ కూడా దానితో కుదురుకుంది. మీవారి జపానికీ మనసును నెమ్మదింపజేసే గుణం ఉందనే అనుకుంటాను. రక్తంలో చక్కెరను అదుపులో పెట్టే పని మాత్రం జపానిది కాదు, మాత్రది. పైగా దీక్షలో మధ్యాహ్నం ఒక్కపూట భిక్ష, అందులో పాయసం, రాత్రికి అల్పాహారం. మాత్ర లేకుండా ఈ తిండితో షుగర్ ఎటు పోతుందో చెప్పలేం.

మీరు చెబితే వినకపోవచ్చు. గురుస్వామి చెబితే వింటారు. ఆయన్ని విడిగా కలిసి బావగారి సంగతి, గాజుపెంకు సంగతి దాచకుండా చెప్పండి. మాత్ర వేసుకుంటే దీక్షకు భంగమని అనే గురుస్వామి నాకింతవరకూ తారసపడలేదు. ఒంట్లో బాగాలేని స్వాములకు చెప్పుల విషయంలో సడలింపు ఇచ్చినవారిని చూశాను. అదీ అడగండి. ఇరుముడినే చూడండి. ముందు ముడి స్వామి పూజాద్రవ్యాలకు, వెనక ముడి యాత్రికుడి సొంత అవసరాలకు. ఒంటికి కావలసింది వెంట ఉంచుకోవడం ఆచారంలోనే ఉంది.

ఆయన సరేనన్నాక పాత మోతాదు మీ అంతట మీరు మొదలుపెట్టకండి. ఏ వేళకు ఏం తింటున్నారో డాక్టరుకు చెప్పి, ఆయన రాసిచ్చినట్టే వాడండి. కొన్ని మాత్రలు వేసుకుని తిండి మానితే షుగర్ పడిపోతుంది. చెమటలు, వణుకు, మాట తడబడటం దాని గుర్తులు. భజనలో అలా జరిగితే చుట్టుపక్కలవారు ఆవేశం వచ్చిందనుకునే ప్రమాదం ఉంది. మెషిన్‌లో 70 కంటే తక్కువ చూపిస్తే మూడు స్పూన్ల పంచదార నీళ్లలో కలిపి తాగించి, పావుగంటకు మళ్లీ చూడాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి. ఇది మీకొక్కరికే కాదు, ఆయనతో భజనకు వెళ్లే స్వాముల్లో ఒకరిద్దరికైనా తెలియాలి.

కొండకు వెళ్లే ముందు గుండె పరీక్ష కూడా చేయించండి. పంబ నుంచి సన్నిధానం దాకా దాదాపు ఐదు కిలోమీటర్లు, నీలిమల ఎక్కడం ఆరోగ్యవంతులకే కష్టం. మాత్రలు, గ్లూకోజు పొట్లం ఇరుముడిలో కాకుండా చేతికందే భుజం సంచిలో ఉండాలి.

దీక్ష తర్వాత మళ్లీ తాగుతారేమో అన్న దిగులు మీ మాటల వెనక ఉంది. 41 రోజులు ఉండగలిగిన మనిషి కదా. మాల తీసిన వారంలోనే తాగుడు మాన్పించే డాక్టరు దగ్గరకు ఇద్దరూ కలిసి వెళ్లండి. ఇప్పుడు మాత్రం ఆ ఊసు వద్దు.

భిక్షకు పిలిచిన ఇంట్లో స్వాముల పాదాలు కడుగుతారు కదా, మీ ఇంట్లో దాన్ని రోజూ సాయంత్రం పూజ వేళకు పెట్టుకోండి. గోరువెచ్చని నీళ్లతో కడిగి (వేడి ఆయనకు తెలియదు, మీ చెయ్యి పెట్టి చూడండి), వేళ్ల సందులు పొడిగా తుడిచి, దీపం వెలుగులో కాకుండా ట్యూబ్‌లైటు కింద అరికాళ్లు రెండూ తిప్పి చూడండి. పగుళ్లు, బొబ్బలు, రంగు మారిన చోట్లు ఉన్నాయేమో మడమల దాకా వెతకండి.