ఫ్రాక్టల్ సీక్వెన్స్ నుంచి అరే (రోలు, కాలమ్‌ల పట్టిక) ఎలా వస్తుంది? అందులో ప్రతి నంబరూ ఒక్కసారే ఎందుకుంటుంది?

నాకు ఇది అర్థమైంది డెఫినిషన్ చదివితే కాదండీ, తెల్లకాగితం మీద చేత్తో రాసుకుంటే, అందుకే అలాగే చెప్తాను.

1, 1, 2, 1, 2, 3, 1, 2, 3, 4... ఇది తీసుకోండి. ప్రతి అంకె మొదటిసారి ఎక్కడొచ్చిందో అక్కడ మాత్రమే కొట్టేయండి. మిగిలింది చదివితే 1, 1, 2, 1, 2, 3... మళ్ళీ అదే సీక్వెన్స్! ఇలా ఉండి, ప్రతి అంకె అనంతంగా వస్తూ, కొత్త అంకెలు వరసలో దిగుతుంటే దాన్నే ఫ్రాక్టల్ సీక్వెన్స్ అంటారు, క్లార్క్ కింబర్లింగ్ అనే అమెరికన్ ప్రొఫెసర్ 1990లలో దీని మీద చాలా రాశారు.

ఇక అరే. 1 ఏయే ప్లేసుల్లో ఉందో మొదటి రోలో రాయండి: 1, 2, 4, 7, 11. రెండో రోలో 2 ఉన్న ప్లేసులు: 3, 5, 8, 12. మూడోది 6, 9, 13. ఒక ప్లేస్‌లో ఒకే అంకె ఉంటుంది కాబట్టి ఏ నంబరూ రెండు రోల్లోకి రాదు, ఏదీ మిగిలిపోదు, మీ రెండో ప్రశ్నకి జవాబు అంతే.

అసలు అందం ఇక్కడుంది. మనం కొట్టేసిన ప్లేసులు 1, 3, 6, 10, అదే మొదటి కాలమ్. మిగిలినవి 2, 4, 5, 7, 8, 9, 11... కొట్టేశాక కూడా సీక్వెన్స్ మారలేదు కదా, అంటే మిగిలినవాటిలో n వది, n వ ప్లేస్‌లో ఉన్న అంకెనే మోస్తోంది, కాబట్టి రెండూ ఒకే రోలో ఉండాలి. మిగిలినవాటిలో 4వది 7, 7వది 11, చూడండి మొదటి రో తనంతట తనే నడుస్తోంది! మొదటి కాలమ్ తెలిస్తే చాలు, అరే మొత్తం వచ్చేస్తుంది.

దీన్నే వైథాఫ్ అరే అని పేరున్న ఇంకో పట్టిక మీద చేసి చూడండి, నాకు అన్నిటికంటే ఇష్టమైంది ఇదే. సీక్వెన్స్ 1, 1, 1, 2, 1, 3, 2, 1, 4, 3, 2, 5... మొదటి కాలమ్ 1, 4, 6, 9, 12. మిగిలినవి 2, 3, 5, 7, 8, 10, 11. 1వది 2, 2వది 3, 3వది 5, 5వది 8, ముందు రెండూ కూడితే తర్వాతది వచ్చే ఫిబొనాచ్చి నంబర్లు, ఎక్కడా కూడిక చెయ్యకుండానే! రెండో రో 4, 7, 11, 18, అదే కూడిక పద్ధతిలో నడిచే లూకాస్ నంబర్లు. నీల్ స్లోన్ మొదలుపెట్టిన ఓఈఐఎస్ అనే ఆన్‌లైన్ సీక్వెన్స్‌ల ఎన్‌సైక్లోపీడియాలో ఈ సీక్వెన్స్ నంబరు ఏ003603, అరేది ఏమో ఏ035513, ముందు కాగితం మీద ఒక నలభై టర్మ్‌లు రాసి తర్వాత అక్కడ సరిచూసుకోండి. పైథాన్‌లో అయితే డిక్షనరీలో అంకె కీగా, ప్లేసులు లిస్ట్‌గా పెట్టుకుంటే రెండు మూడు లైన్ల పనే.