క్లస్టర్ తలనొప్పికి నరం దగ్గర మెషిన్ పెట్టించవచ్చా?

మీ తమ్ముడికి మాత్రలతో తగ్గడం లేదు, తల వెనక నరానికి కరెంటు ఇచ్చే మెషిన్ పెట్టిస్తే పోతుందా అని అడిగారు. మాది కర్నూలు. మా ఆయనకూ ఇదే జబ్బు, ఒక కంటి చుట్టూ విడతలు విడతలుగా లేచే భరించలేని నొప్పి. దీని పేరు తెలిసేలోపే సైనస్ అన్నారు, ఒక పన్ను కూడా పీకారు. మెషిన్ గురించి హైదరాబాద్‌లో న్యూరాలజిస్టును అడిగితే, "ముందు ఆక్సిజన్ సరిగ్గా వాడారా?" అని ఎదురు ప్రశ్న వేశారు.

సరిగ్గా అంటే సంచి ఉన్న మాస్కుతో, నిమిషానికి 12 నుంచి 15 లీటర్లు, పావుగంట సేపు. కోవిడ్ అప్పుడు కొన్న కాన్సెంట్రేటర్ మా అటక మీదే ఉంది కానీ అది 5 లీటర్లే ఇస్తుంది, దీనికి చాలదు. డాక్టరు చీటీతో సిలిండర్ అద్దెకు తెచ్చుకున్నాం. అర్ధరాత్రి నొప్పి లేస్తే ఆయన పడుకోలేరు, కుడి కన్ను ఎర్రబడి నీళ్లు కారుతుంటే హాల్లో తిరుగుతుంటారు. పట్టుకుని కూర్చోబెట్టి, గాలి పక్కకు పోకుండా మాస్కు అదిమి పట్టుకుంటాను. చాలాసార్లు దాంతోనే దిగుతుంది. ఆక్సిజన్ ఉన్నచోట నిప్పు భగ్గుమంటుంది, అందుకే దగ్గర్లో దీపం, అగరుబత్తి ఉండకూడదు. నొప్పులు రాకుండా రోజూ వేసుకునే మందు వెరాపమిల్, గుండె జబ్బులకూ వాడేదే. డోసు పెంచినప్పుడల్లా ఈసీజీ తీయాలి. తల వెనక నరానికి ఇంజెక్షన్ కూడా ఇస్తారు.

ఇవేవీ పనిచేయక, ఏడాది పొడుగునా నొప్పి వదలని వాళ్లకే మెషిన్. తల వెనక చర్మం కింద వైర్లు, ఛాతీ దగ్గరో పొట్ట దగ్గరో బ్యాటరీ. ఫలితం తెలియడానికి నెలలు పట్టొచ్చు. నెదర్లాండ్స్ డాక్టర్ల ఆధ్వర్యంలో జరిగి 2021లో వచ్చిన పెద్ద అధ్యయనంలో నొప్పులు దాదాపు సగానికి తగ్గాయి. అయితే కరెంటు పూర్తిగా ఇచ్చినవాళ్లకీ 30 శాతమే ఇచ్చినవాళ్లకీ ఒకేలా తగ్గాయి! వైరు జరిగినా, చీము పట్టినా, బ్యాటరీ అయిపోయినా మళ్లీ ఆపరేషనే.

నాకు అసలు భయం వేరే. పై చిగుళ్ల దగ్గర కోసి చెంప లోపల పెట్టే ఇంకో రకం పరికరం ఉండేది, రిమోట్ చెంపకు ఆనిస్తే పనిచేసేది. దాన్ని తయారుచేసిన అమెరికా కంపెనీ ఆటోనమిక్ టెక్నాలజీస్ 2019లో మూతపడింది. పరికరం ఒంట్లో ఉండిపోయింది, చూసే దిక్కు లేకుండా పోయింది. అందుకే మీ డాక్టరును ఖర్చుతో పాటు, చెడిపోతే ఎవరు చూస్తారు, తర్వాత ఎంఆర్ఐ తీయవచ్చా అని కూడా అడగండి. నొప్పులు వచ్చే ఈ విడతలో తమ్ముడిని మద్యం మాత్రం ముట్టనివ్వకండి, ఒక్క పెగ్గుకే నొప్పి లేస్తుంది.