నల్లమలలో చెట్లు కొలవడానికి వెళ్తున్న మా అమ్మాయికి

అమ్మలూ,

నీ ప్రాజెక్టు అమ్రాబాద్ వైపు అడవిలో అని మీ నాన్న చెప్పాడు, చాలా సంతోషం వేసింది. ముందుగా ఒక మాట, అది టైగర్ రిజర్వ్, పర్మిషన్ లెటర్ చేతిలో లేకుండా లోపలికి అడుగు పెట్టకు, ఒంటరిగా అసలే వెళ్ళకు.

ప్లాట్లు, అంటే చెట్లు కొలవడానికి ఎంచుకునే అడవి ముక్కలు, ఎక్కడ వెయ్యాలో ఆఫీసులో మ్యాప్ మీదే తేల్చుకుని వెళ్ళు. అక్కడికెళ్ళాక ఎండకి కాళ్ళు లాగేస్తాయి, రోడ్డు పక్కన చదునుగా ఉన్న చోటే వేసేద్దాం అనిపిస్తుంది, అలా వేస్తే నువ్వు కొలిచేది రోడ్డు పక్క అడవిని మాత్రమే. పాయింట్ రాళ్ళ గుట్ట మీద పడినా సరే అక్కడికే వెళ్ళాలి.

0.1 హెక్టారు చదరం ప్లాట్ అయితే మధ్య నుంచి నాలుగు మూలలకీ 22.36 మీటర్లు తాడు లాగాలి, భుజం 31.62 వస్తుంది. నల్లమలంతా ఎత్తుపల్లాలే కదా, వాలులో తాడు నేల మీద పరిచి అంతే లాగావంటే ప్లాట్ చిన్నదైపోతుంది. నేరుగా 30 డిగ్రీల వాలు మీదుగా వెళ్ళే తాడైతే 25.8 మీటర్లు లాగాలి. చాలామంది వదిలేసేది ఇదే.

చుట్టుకొలత తీసే ఎత్తు మన దగ్గర 1.37 మీటర్లు. అంత పొడుగు కర్ర ఒకటి కోయించి పెట్టుకో, ప్రతి చెట్టుకీ ఆనించి చూడు, ఛాతీ ఎత్తు కదా అని అందాజాగా టేపు చుట్టకు. వాలు మీద చెట్టుకి పైవైపు నేల నుంచి కొలవాలి, 1.37 కన్నా కిందే రెండుగా చీలితే రెండు చెట్లుగా రాయాలి, టేపు కింద తీగలు, చెదపుట్ట మట్టి ఉంటే తీసెయ్యాలి. ఇంత చాదస్తం ఎందుకంటే చుట్టుకొలతలో 5 శాతం తేడా వస్తే దాన్నించి లెక్కకట్టే చెట్టు బరువులో దాదాపు 10 శాతం తేడా వస్తుంది. ఇప్పుడు ఎక్కువగా వాడే ఫార్ములా 2014లో చావే అనే శాస్త్రవేత్త బృందం ఇచ్చింది, 0.0673ని (కలప సాంద్రత × వ్యాసం వర్గం × ఎత్తు)కి 0.976 ఘాతం వేసి గుణిస్తే నేలపైన ఉన్న ఎండు బరువు కిలోల్లో వస్తుంది. వ్యాసం సెంటీమీటర్లలో, ఎత్తు మీటర్లలో వెయ్యి, చుట్టుకొలతని 3.14తో భాగించడం మర్చిపోకు.

సాంద్రత కావాలంటే చెట్టు పేరు తప్పు పోకూడదు. దీనికి చెంచుల్ని మించినవాళ్ళు లేరు, పెంట (వాళ్ళ గూడెం) నుంచి ఒక పెద్దాయన్ని కూలి ఇచ్చి గౌరవంగా తోడు తీసుకెళ్ళు. నల్లమద్ది బెరడు మొసలి చర్మంలా పగిలి ఉంటుంది, అది నువ్వే పడతావు, కానీ ఆకు రాల్చాక బిల్లుడు, చిరుమాను లాంటివి దూరం నుంచి చూసి చెప్పడం వాళ్ళకే సాధ్యం. పేరు తెలుసుకోవడానికని బెరడుకి గాట్లు మాత్రం పెట్టకు.

ఇక అసలు సంగతి. హెక్టారుకి ఇన్ని టన్నులు అని ఒక్క అంకె రాసి అడవి బాగుంది అనేయకు. 150 సెంటీమీటర్ల చుట్టుకొలత ఉన్న చెట్టు ఒక్కటే 50 సెంటీమీటర్ల చుట్టుకొలత ఉన్న చెట్లు ఎనిమిదింటి కన్నా ఎక్కువ తూగుతుంది, అందుకే నాలుగు ముసలి మాన్లు ఉన్న చోట బరువు ఘనంగా కనిపిస్తుంది, కింద చూస్తే ఒక్క మొక్క ఉండదు, అంతా లాంటానా కలుపు పొదలే. ఆ మాన్లు పోయాక వాటి చోటు తీసుకునేది ఏది? కాబట్టి చుట్టుకొలతల వారీగా చెట్ల లెక్క వెయ్యి, చిన్నవి ఎక్కువగా, పెద్దవయ్యేకొద్దీ తగ్గుతూ ఉండాలి. లోపల చిన్న గడులు వేసి మొలకలు లెక్కపెట్టు, నరికిన మొద్దులు, కాలిన గుర్తులు, పశువులు మేసిన జాడలు కూడా అదే షీట్‌లో రాయి. వెదురుని చెట్లతో కలపకు, వేరే పట్టిక.

పందిరి సాంద్రత, అంటే పైన కొమ్మలూ ఆకులూ నేలని ఎంత శాతం కప్పాయన్నది, ఎండాకాలంలో తియ్యకు, ఆకు రాలి 70 శాతం ఉన్నది కూడా పలచటి అడవిలా కనిపిస్తుంది. ఫారెస్ట్ సర్వే వాళ్ళు ఉపగ్రహ చిత్రాలు అక్టోబరు నుంచి డిసెంబరు మధ్యవే తీసుకునేది అందుకే.

మొదటి ప్లాట్ షీట్ నింపాక ఫోటో తీసి వాట్సాప్‌లో పంపు, రెండోది మొదలెట్టే ముందే చూసి చెప్తాను.

మీ పెద్దనాన్న