సీనియర్ అక్క ‘టీమ్‌’లో చేరమంటోంది... చేరనా?

ప్రశ్న: సర్, నేను కరీంనగర్‌లో బీకాం ఫైనలియర్ చదువుతున్నాను. మా హాస్టల్‌లో ఉండి వెళ్లిన సీనియర్ అక్క ఒక ఆన్‌లైన్ నెట్‌వర్క్ మార్కెటింగ్ టీమ్‌లో లీడర్. 18,500 రూపాయలు కట్టి డిజిటల్ కోర్సుల ప్యాకేజీ తీసుకుంటే మనమూ టీమ్ కట్టుకోవచ్చట. మన కింద లెఫ్ట్‌లో ఒకరు, రైట్‌లో ఒకరు చేరితే జతకు 2,000 వస్తాయని చెప్పింది. సీటు బ్లాక్ చేసుకోవడానికి నేనూ, నా రూమ్‌మేటూ చెరో 2,000 కట్టేశాం. మిగతాది లోన్ యాప్‌లో తీసుకోమని, ఇంట్లో అప్పుడే చెప్పొద్దని అంటున్నారు. నాకు మాట్లాడటం, నలుగురిని ఒప్పించడం బాగా వచ్చు. ఉద్యోగం వెతుక్కునే కంటే ఇదే నయమా?

జవాబు: చేరవద్దమ్మా. మిగతా 16,500 కట్టకండి, లోన్ యాప్ జోలికి అసలు వెళ్లకండి. ఎందుకో వివరంగా చెబుతాను. రేపు మీ సీనియర్ మళ్లీ ఫోన్ చేసినప్పుడు మీ దగ్గర లెక్క ఉండాలి.

జతకు 2,000 అంటే, మీరు పెట్టిన 18,500 వెనక్కి రావాలంటేనే పది జతలు పడాలి. మీ కింద ఇరవై మంది చేరాలి. ఆ ఇరవై మంది కట్టేది 3,70,000. అందులో మీకు దక్కేది 20,000. అప్పటికి మీ చేతిలో మిగిలే లాభం 1,500. ఇప్పుడు ఆ ఇరవై మంది సంగతి చూడండి. వాళ్లలో ప్రతి ఒక్కరికీ మళ్లీ ఇరవై మంది కావాలి. ఒకరి కింద ఇద్దరు చొప్పున పెరుగుతూ పోతే పద్దెనిమిదో మెట్టు దగ్గర 2,62,144 మంది ఉండాలి. 2011 జనాభా లెక్కల్లో కరీంనగర్ నగరం మొత్తం జనం దాదాపు అంతే. చంటిపిల్లలతో సహా! ఇంకో మాట. ఇలాంటి ప్లాన్‌ను ఏ రోజు ఆపి లెక్కపెట్టినా, సగానికి పైగా మనుషులు చిట్టచివరి మెట్టు మీదే ఉంటారు. వాళ్లకు ఒక్క జత కూడా పడి ఉండదు. వాళ్లు బద్ధకస్తులని, నెగెటివ్‌గా ఆలోచిస్తారని మీటింగుల్లో అంటారు. అది నిజం కాదు. ఎంత కష్టపడినా ఆ నిర్మాణంలో సగం మంది అక్కడే ఉండిపోతారు.

జూమ్ మీటింగుల్లో మీ చేత లిస్ట్ రాయించే ఉంటారు. ఫోన్‌లో ఉన్న నంబర్లన్నీ చూసి వంద పేర్లు రాయమంటారు. ఒకసారి ఆ కాగితం తీసి చదవండి. పిన్ని కూతురు, ఇంటర్‌లో పక్కన కూర్చున్న అమ్మాయి, మీకు అకౌంట్స్ చెప్పిన మేడమ్, ఊళ్లో కిరాణా కొట్టు అన్న. వీళ్లలో ఆ డిజిటల్ కోర్సు అవసరమైనవాళ్లు ఎందరు? టీమ్‌లో చేరే ఉద్దేశం లేకుండా, కేవలం నేర్చుకోవడానికి 18,500 పెట్టి ఆ కోర్సు కొన్న మనిషిని ఒక్కరిని చూపించమని మీ సీనియర్‌ను అడగండి. సరుకు నిజంగా బయట అమ్ముడుపోతుంటే ఆ డబ్బు కస్టమర్ల నుంచి వస్తుంది. లేదంటే కొత్తగా చేరినవాళ్ల డబ్బే పైవాళ్లకు కమీషన్‌గా వెళుతోందన్నమాట.

డైరెక్ట్ సెల్లింగ్ (దుకాణం లేకుండా మనుషుల ద్వారా నేరుగా సరుకు అమ్మడం) అంతా మోసమని నేను అనను. చట్టప్రకారం నడిచేవీ ఉన్నాయి. కానీ చేరడానికి ఎంట్రీ ఫీజు తీసుకోకూడదని, మనుషుల్ని చేర్చినందుకు కమీషన్ ఉండకూడదని కేంద్రం 2016లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. 2021 డిసెంబరులో వచ్చిన డైరెక్ట్ సెల్లింగ్ నిబంధనలు కొత్తగా చేరేవాళ్ల డబ్బుతో పైవాళ్లకు చెల్లించే పిరమిడ్ స్కీములను, మనీ సర్క్యులేషన్ స్కీములను నిషేధించాయి. మీరు రాసిన ప్లాన్ వీటికి ఎదురుగా ఉంది. మనీ సర్క్యులేషన్ స్కీములను నిషేధించే 1978 నాటి చట్టం ఇంకా కఠినం. అది స్కీమ్ నడిపేవాళ్లతో ఆగదు. సభ్యులుగా చేరడాన్నీ, పాల్గొనడాన్నీ నిషేధిస్తుంది. 2019లో సైబరాబాద్ పోలీసులు నోయిడాకు చెందిన ఈబిజ్ సంస్థ ఎండీని అరెస్టు చేశారు. అక్కడా ఈ-లెర్నింగ్ ప్యాకేజీ పేరుతో పదహారు వేలకు పైగా కట్టించుకున్నారన్నదే ఆరోపణ. ఎక్కువగా విద్యార్థులనే లక్ష్యంగా చేసుకున్నారని పోలీసులు చెప్పారు. రేపు మీ కింద చేరిన అమ్మాయి తండ్రి స్టేషన్‌కు వెళితే ముందు చెప్పేది కంపెనీ పేరు కాదు, మీ పేరు. ఉద్యోగాల్లో చేరేటప్పుడు పోలీస్ వెరిఫికేషన్ ఉంటుందని మీకూ తెలుసు.

ఇంట్లో చెప్పొద్దు అన్న ఆ ఒక్క మాట నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టింది. ఏ మంచి ఉద్యోగంలోనూ ఆ షరతు ఉండదు. ఈ రాత్రే మీ నాన్నగారికి ఫోన్ చేసి జరిగింది చెప్పండి. 2,000 పోయాయని కోప్పడతారేమో, పడనివ్వండి.

ఇక మీకున్న నేర్పు గురించి. ఒప్పించగలగడం మామూలు విషయం కాదు. బీకాం చదివి, ధైర్యంగా మాట్లాడగలిగేవాళ్ల కోసం బ్యాంకుల సేల్స్ విభాగాలు, ఇన్సూరెన్స్ కంపెనీలు, సాఫ్ట్‌వేర్ సంస్థల్లో ఫోన్‌లో, ఆన్‌లైన్‌లో అమ్మకాలు చేసే ఇన్‌సైడ్ సేల్స్ టీములు వెతుకుతుంటాయి. అక్కడ టార్గెట్ల టెన్షన్ ఉంటుంది, దాచను. కానీ ట్రైనింగ్ కంపెనీ ఇస్తుంది, నెల తిరిగేసరికి జీతం పడుతుంది, ఇన్సెంటివ్ దాని మీద అదనం. డిగ్రీ కాగానే కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ పథకమైన నాట్స్ (NATS) పోర్టల్‌లో పేరు నమోదు చేసుకుంటే స్టైపెండ్‌తో అప్రెంటిస్‌షిప్ దొరికే వీలుంది. మీ కాలేజీకి తెలంగాణ ప్రభుత్వ నైపుణ్య శిక్షణ సంస్థ టాస్క్‌తో రిజిస్ట్రేషన్ ఉందేమో ప్లేస్‌మెంట్ ఆఫీసర్‌ను అడగండి. మార్కెటింగ్ మీద నిజంగా మనసుంటే ఐసెట్ రాసి ఎంబీఏకు వెళ్లండి.

సొంత వ్యాపారమే కావాలనిపిస్తే సెలవుల్లో రెండు మూడు వేలకు హైదరాబాద్ బేగంబజార్‌లో హోల్‌సేల్‌గా ఇమిటేషన్ జ్యువెలరీ తెచ్చి వాట్సాప్‌లో అమ్మి చూడండి. కొన్న ధర, అమ్మిన ధర, బస్సు ఛార్జీ ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. లాభమొచ్చినా నష్టమొచ్చినా అది మీ సరుకు, మీ లెక్క. ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు. ఇంటర్వ్యూలో ఆ నోట్‌బుక్ గురించి చెబితే శ్రద్ధగా వింటారు.

కట్టిన 2,000 సంగతి. ‘నేను చేరడం లేదు, నా డబ్బు తిరిగి పంపండి’ అని వాట్సాప్‌లోనూ, ఈమెయిల్‌లోనూ రాతపూర్వకంగా పెట్టండి. ఫోన్లో వాదించకండి, వాళ్లు ఆ పనిలో ఆరితేరినవాళ్లు. చెల్లింపు స్క్రీన్‌షాట్, మీకు పంపిన ప్లాన్ వీడియో, మెసేజ్‌లు దాచుకోండి. ఇవ్వకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయండి. మీ రూమ్‌మేట్ చేత కూడా ఇదే చేయించండి. ఆమె ఇప్పటికే లోన్ యాప్‌లో దరఖాస్తు పెట్టి ఉంటే డబ్బు ఖాతాలో పడకముందే రద్దు చేయించండి. పడిపోయి ఉంటే దాన్ని ఖర్చు పెట్టకుండా వెంటనే తిరిగి కట్టేయమనండి.