‘మానస సంచరరే’ వేటూరి రాసింది కాదండీ

శంకరాభరణం పాటలన్నింటికీ యాప్‌లో వేటూరి పేరే కనిపిస్తోందని, పాప పోటీకి ‘మానస సంచరరే’ ఎవరి పేరుతో ఇవ్వాలో తెలియక టెన్షన్‌గా ఉందని రాశారు కదా. అది సదాశివ బ్రహ్మేంద్రుల సంస్కృత కీర్తనండీ, సామ రాగం. చివరి చరణంలో ‘పరమహంస ముఖచంద్ర చకోరే’ అని వస్తుంది చూడండి, ఆ ‘పరమహంస’ ఆయన ముద్ర, అంటే రచయిత తన గుర్తుగా పాటలో పెట్టుకునే మాట. ‘బ్రోచేవారెవరురా’ కూడా అంతే, మైసూరు వాసుదేవాచార్యులది. ‘వాసుదేవుడవు నీవు కదా’ అన్నచోట ఆయన ముద్ర దొరుకుతుంది. ‘దొరకునా ఇటువంటి సేవ’ మాత్రం వేటూరిదే.

ఫారంలో రచన సదాశివ బ్రహ్మేంద్రులు, సినిమాలో సంగీతం కె.వి.మహదేవన్ అని రాసివ్వండి. పాపకు ఆ ముద్ర కూడా చూపించండి, అక్కడ ఇంకాస్త ఇష్టంగా పాడుతుంది.